అయిదో చక్రమా, బాతుమెడా?

పిల్లలూ! ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎక్కించడం మీలో కొందరైనా చూసే ఉంటారు. బస్తాలన్నీ బండి ముందువైపు వేస్తే ఏమవుతుంది? కాడి ఎడ్ల మెడలమీద బరువుగా కూర్చుంటుంది. పాపం, అవి తలలు వాల్చేస్తాయి. మరి అన్నీ వెనకవైపు వేస్తే? కాడి పైకి లేచి, మెడకింద కట్టిన తాడు ఎడ్ల గొంతు నొక్కేస్తుంది. అందుకే తెలిసిన రైతు బరువును ఇరుసుకు కాస్త ముందుకు ఉండేలా సర్ది, కాడిని చేత్తో ఎత్తి చూసి, ఆ తరువాతే ఎడ్లను కడతాడు. ‘బలభ్రామకం’ అనే మాట అతడు విని ఉండకపోవచ్చు. ఆ సూత్రం మాత్రం అతని చేతికి తెలుసు.

ఎద్దు పోయి ఇంజను వచ్చినా ఈ ప్రశ్న పోలేదు. లాగే బండికి లాగబడే బండిని ఎక్కడ తగిలించాలి? దేనితో తగిలించాలి? అమెరికాలో రైతులూ, ఇల్లులాంటి బండిని వెంట తీసుకుని విహారానికి వెళ్ళే కుటుంబాలూ ఈ ప్రశ్న రోజూ వేసుకుంటారు. వారు వాడేది పికప్ ట్రక్కు. అంటే ముందు మనుషులు కూర్చునే గది, వెనక పైకప్పులేని తొట్టి ఉన్న బండి. చిన్న ట్రైలరునైతే ట్రక్కు వెనక బంపరు దగ్గర తగిలిస్తారు. పెద్ద ట్రైలరునైతే తొట్టి మధ్యలో, సరిగ్గా వెనక ఇరుసు మీదకు వచ్చేలా తగిలిస్తారు. ఎందుకో ఒక చిన్న ప్రయోగంతో తెలుసుకుందాం.

ఒక 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. 5వ గీత కింద ఒక పెన్సిలు, 20వ గీత కింద మరొక పెన్సిలు అడ్డంగా ఉంచండి. స్కేలు ట్రక్కు, పెన్సిళ్ళు దాని ముందు, వెనక ఇరుసులు అనుకోండి. ఇప్పుడు 29వ గీత దగ్గర నాణేలు ఒక్కొక్కటిగా పేర్చండి. కొన్ని పెట్టేసరికి స్కేలు ముందు భాగం గాలిలోకి లేస్తుంది! అవే నాణేలను 20వ గీత మీద పెట్టి చూడండి. ఎన్ని పెట్టినా స్కేలు కదలదు.

దీనికి లెక్క కూడా కడదాం. ట్రక్కు రెండు ఇరుసుల మధ్య దూరం 3.6 మీటర్లు. బంపరు దగ్గరి కొక్కెం వెనక ఇరుసుకు 1.2 మీటర్లు వెనక ఉంది. దానిమీద ట్రైలరు 600 కిలోల బరువు మోపింది. అప్పుడు ముందు ఇరుసుమీద 600 × 1.2 ÷ 3.6, అంటే 200 కిలోలు తగ్గిపోతాయి. వెనక ఇరుసుమీద 800 కిలోలు పెరుగుతాయి. బండిని తిప్పేవి ముందు చక్రాలే కదా! అవి నేలను గట్టిగా పట్టుకోకపోతే స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. అదే బరువును వెనక ఇరుసుమీద ఉంచితే, ముందు చక్రాల పట్టు ఏమాత్రం తగ్గదు.

ఇంకొక లాభం ఉంది. పక్కగాలి కొట్టినప్పుడు ట్రైలరు ఊగుతుంది. కొక్కెం బంపరు దగ్గర ఉంటే ఆ ఊపు ట్రక్కు తోకను పట్టి పక్కకు తిప్పుతుంది. వెనక ఇరుసుమీద ఉంటే, తిప్పడానికి కావలసిన భుజం పొడవు దాదాపు సున్నా. కనుక తిప్పలేదు.

ఇలా ఇరుసుమీద తగిలించే పద్ధతులు రెండు. మొదటిది ‘ఫిఫ్త్ వీల్’, అంటే అయిదో చక్రం. ఈ పేరు గుర్రపు బగ్గీల కాలంనాటిది. నాలుగు చక్రాల బగ్గీ మలుపు తిరగడానికి ముందు ఇరుసుమీద పడుకోబెట్టిన చక్రంలాంటి కట్టు ఉండేది. అదే అయిదో చక్రం. 1914లో డెట్రాయిట్ నగరంలో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, ఒక కలప వ్యాపారి పడవను ఫోర్డు మోడల్ టీ కారు వెనక లాగడానికి బండి చేసి, దానికి సెమీట్రైలర్ అని పేరు పెట్టాడు. సెమీట్రైలరుకు ముందు చక్రాలుండవు. దాని ముందు బరువును లాగే బండే మోయాలి. ఆ బరువును మోస్తూనే మలుపు తిరగనిచ్చేది నేటి అయిదో చక్రం. చక్రం అని పేరే గాని ఇది గుర్రపు లాడం ఆకారంలో ఉన్న వెడల్పాటి ఇనుప పళ్ళెం. ట్రైలరు కింద వేలాడే లావాటి ఇనుప మేకును కింగ్‌పిన్ అంటారు. అది పళ్ళెం చీలికలోకి జారగానే దవడలు మూసుకుని దానిని పట్టేస్తాయి.

రెండవది ‘గూస్‌నెక్’, అంటే బాతుమెడ. ట్రైలరు ముందు భాగం బాతుమెడలా వంగి తొట్టిలోకి దిగుతుంది. దాని చివర ఉన్న గిన్నె, తొట్టి నేలకు బిగించిన ఉక్కు బంతిమీద కూర్చుంటుంది. బంతి వ్యాసం సుమారు 59 మిల్లీమీటర్లు. మన భుజం కీలులాగా ఇది అన్ని వైపులకూ తిరుగుతుంది. జాగ్రత్త కోసం రక్షణ గొలుసులు కూడా తగిలిస్తారు.

మరి ఏది మంచిది? పని ఏమిటో చెప్పకుండా పనిముట్టు మంచిచెడ్డలు చెప్పలేం. పశువులనూ, గడ్డిమోపులనూ తీసుకుని ఎగుడుదిగుడు పొలాల్లో తిరిగే రైతుకు అన్ని వైపులా తిరిగే బంతి అనుకూలం. పైగా పని అయ్యాక బంతిని తీసేస్తే తొట్టి ఖాళీ. అయిదో చక్రం బరువైనది, తొట్టిలో చోటంతా ఆక్రమిస్తుంది. కాని దాని పళ్ళెం వెడల్పు ఎక్కువ కనుక బరువు ఎక్కువ వైశాల్యం మీద పరచుకుంటుంది, కుదుపులు తక్కువ. రోజంతా రహదారిమీద పోయే విహారబండికి అదే హాయి.

‘విహారబండికి చిన్న అతుకు తగిలించి బంతిమీద కూర్చోబెడితే పోలా?’ అని మీకు తోచవచ్చు. ఇక్కడే అసలు ప్రమాదం. విహారబండి మేకు ఎత్తులో ఉంటుంది, బంతి తొట్టి నేలమీద ఉంటుంది. మధ్యలో అతుకు 40 సెంటీమీటర్లు కిందికి దిగిందనుకుందాం. బ్రేకు వేసినప్పుడు 5,000 న్యూటన్ల బలం కలిగితే, 5,000 × 0.4, అంటే 2,000 న్యూటన్ మీటర్ల భ్రామకం ట్రైలరు చట్రాన్ని అదనంగా వంచుతుంది. దానికని కట్టని చట్రం పగలవచ్చు.

మరొక మాట. ఈ రెండు పద్ధతుల్లోనూ ట్రైలరు బరువులో 15 నుంచి 25 శాతం ట్రక్కుమీద పడుతుంది. 5,000 కిలోల ట్రైలరైతే 750 నుంచి 1,250 కిలోలు! కనుక కొక్కెం ఎంచుకునే ముందు ట్రక్కు ఎంత మోయగలదో చూడాలి.

మన రహదారులమీద కంటైనర్లు మోసే పొడవాటి ట్రైలరు లారీలకు ఉన్నదీ అయిదో చక్రమే. ఒకసారి టీ దుకాణం దగ్గర ఒక డ్రైవరు లారీని ట్రైలరుకు తగిలించడం చూశాను. ‘టక్’మని శబ్దం వచ్చింది. అయినా అతడు దిగి, టార్చిలైటుతో కిందికి దూరి చూశాడు. తరువాత ట్రైలరు బ్రేకులు బిగించి ఉంచి, లారీని కొద్దిగా ముందుకు లాగి చూశాడు. ‘‘శబ్దం వచ్చింది కదా బాబూ, ఇంకా ఎందుకు?’’ అని అడిగాను. ‘‘మేకు దవడల్లో పడకుండా పైన కూర్చున్నా టక్‌మంటుంది మాస్టారూ. చెవిని నమ్మితే దారిలో ట్రైలరు ఊడిపోద్ది. కంటితో చూడాలి,’’ అన్నాడు. సైన్సు మాస్టారికి అంతకంటే మంచి పాఠం ఎవరు చెబుతారు!

చివరగా మీకొక మాట. బడికి వచ్చే తోవలో ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్యనున్న ఇనుప దూలం మీద నిలబడి సవారీ చేసే పిల్లలను నేను చూశాను. ఆ దూలం చివరనున్నది ఒక్క మేకు. అది ఊడినా, మీ కాలు జారినా, వెంటనే మీదికి వచ్చేది వెనక చక్రమే. పై లెక్కలు మరిచిపోయినా ఫరవాలేదు గాని, అక్కడ మాత్రం ఎప్పుడూ ఎక్కకండి.