వార్తల్లో పదం: ఎస్‌ఎంపీ

వెన్న తీసిన పాల పొడిని ఎస్‌ఎంపీ అంటారు. చలికాలంలో మిగిలే పాలను డెయిరీలు పొడిగా, వెన్నగా మార్చి దాస్తాయి. పొడి అమ్ముడుపోకపోతే డబ్బు గోదాముల్లో ఇరుక్కుని, రైతుకిచ్చే సేకరణ ధర పడిపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో హోటళ్లు, టీ కొట్లు మూతపడగానే చాలా రాష్ట్రాల్లో జరిగింది ఇదే.

సేకరణ ధర పడినా దాణా ఖర్చు ఆగదు. గోదావరి డెల్టాలో వరిగడ్డి ఇంట్లోదే అయినా తవుడు, తెలగపిండి కొనాల్సిందే. పైగా వరి డబ్బు పంటకోసారే. మధ్యలో కౌలు రైతు ఇల్లు నడిపేది పాల డబ్బే.

పాడి ఎగుమతుల మీద బతికే న్యూజిలాండ్‌కు 2015 నాటి పాల పొడి ధరల పతనం దేశ ఆదాయానికే దెబ్బ. మనమో, ప్రపంచ పాలలో దాదాపు నాలుగో వంతు తీసి, చాలావరకు మనమే తాగేస్తాం. అందుకే ఇక్కడ నష్టం జీడీపీ అంకెల్లో కంటే పల్లె కొట్టు అరువు పద్దులో ముందు కనిపిస్తుంది. పట్నంలో పాల ప్యాకెట్ ధర మాత్రం సాధారణంగా దిగదు.