కరిచే ముందు కుక్క ఏం చెప్పింది?

ఇంటికొచ్చిన చుట్టాల పిల్లవాడు వాకిట్లో కట్టేసి ఉన్న కుక్క దగ్గరికి పరుగెత్తాడు. కుక్క తోక ఊపుతూనే ఉంది. వాడు దాని మెడ చుట్టూ చేతులు వేశాడు. కుక్క ముఖం పక్కకు తిప్పుకుంది. నాలుకతో ముక్కు తడుపుకుంది. ఆవలించింది. కంటి మూలన తెల్లగుడ్డు నెలవంకలా బయటపడింది. ఒళ్లంతా కొయ్యబారింది. మరుక్షణం పిల్లవాడి ముంజేతి మీద పంటిగాట్లు పడ్డాయి.

“ఇన్నాళ్లూ ఎవరినీ ఏమీ అనలేదండీ, ఉన్నట్టుండి కరిచింది” అంటారు ఇలాంటప్పుడు ఇంటివాళ్లు. ఉన్నట్టుండి కాదు. వదిలేయమని అది అయిదుసార్లు చెప్పింది. ఆ భాష తెలిసినవాళ్లు అక్కడ లేరు, అంతే.

కుక్కలంటే ఇష్టం ఉండి, వాటితోనే బతుకుతెరువు చూసుకోవాలనుకునే యువతీయువకులు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. వాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ‘సిట్’, ‘స్టే’ అని ఆజ్ఞలివ్వడం కాదు, ఈ భాష చదవడం. కుక్కల మనస్తత్వశాస్త్రం నేర్పే మొదటి పాఠం ఇదే.

సామెతను పక్కన పెట్టాలి

మొరిగే కుక్క కరవదంటాం. కుక్కలతో పనిచేసేవారు ఈ మాటను నమ్ముకోకూడదు. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. అందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుందే గానీ లోపలి భయం పోదు. ఆ తర్వాత అది హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

తోక ఊపడం కూడా ప్రతిసారీ సంతోషం కాదు. ఇటలీలోని బారి నగర పరిశోధకులు 2007లో దీన్ని కొలిచి చూశారు. యజమానిని చూసినప్పుడు కుక్కల తోక కుడివైపుకు ఎక్కువగా ఊగింది. తెలియని, దూకుడుగా ఉన్న కుక్క ఎదురైనప్పుడు ఎడమవైపుకు మొగ్గింది. అందుకే తోకనొక్కదాన్నే కాకుండా చెవులు, కళ్లు, నోరు, ఒంటి బిగువు అన్నీ కలిపి చదవాలి.

అది తప్పు ఒప్పుకున్న ముఖమేనా?

చెప్పు కొరికిన కుక్క తల వంచి, చెవులు వెనక్కి వాల్చి కూర్చుంటే “చేసిన తప్పు దానికి తెలుసు” అంటాం. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీ పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 14 కుక్కలతో ఈ నమ్మకాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. తినుబండారం ముట్టుకోవద్దని చెప్పి యజమాని గదిలోంచి వెళ్లిపోతారు. ఆ తర్వాత కొన్నిసార్లు కుక్క దాన్ని తింటుంది, కొన్నిసార్లు తినదు. తిరిగొచ్చిన యజమానికి ఒక్కోసారి నిజం, ఒక్కోసారి అబద్ధం చెబుతారు. కుక్క తిన్నదనే మాట వినగానే యజమాని దాన్ని తిడతారు.

ఆ ‘తప్పు చేసిన ముఖం’ తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, తిట్టారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో అది మరింత ఎక్కువగా కనిపించింది. మనం పశ్చాత్తాపం అనుకునేది నిజానికి మన కోపానికి దాని జవాబు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఎన్నో కుక్కలకు అనవసరపు దెబ్బలు తప్పుతాయి.

‘నువ్వే దాని మీద పెత్తనం చేయాలి, లేకపోతే అది నీ నెత్తికెక్కుతుంది’ అనే సలహా కూడా ఇలాంటిదే. ఒకచోట బంధించిన తోడేళ్లను గమనించి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన అధ్యయనం దీనికి మూలం. అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలూ కలిసిన కుటుంబమేనని డేవిడ్ మెక్ 1999లో స్పష్టం చేశారు. 1970లో తన పుస్తకంలోనూ, గుంపు మీద పెత్తనం చేసేదనే అర్థంలో ‘ఆల్ఫా’ మాటను వాడిన శాస్త్రవేత్త ఆయన. ఆ పుస్తకం ప్రచురణ ఆపేయమని ప్రచురణకర్తలను ఆయనే కోరారు. శాస్త్రవేత్త వదులుకున్న భావనను కుక్కల మెడలకు ముళ్లపట్టీలు బిగించడానికి మనం వాడుకోవడం అన్యాయం.

దీపావళి భయానికి కోడిముక్క మందు

జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన ఇవాన్ పావ్‌లోవ్, తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కల నోట్లో లాలాజలం ఊరడం గమనించారు. ఒకదాని వెంట మరొకటి వస్తూ ఉంటే మెదడు ఆ రెంటినీ ముడివేస్తుంది. ప్రేమైనా భయమైనా ఇలాగే ముడిపడుతుంది. ఆ ముడిని విప్పడమే శిక్షకుల నైపుణ్యం.

టపాసుల మోతకు మంచం కింద దూరి వణికే కుక్కనే తీసుకోండి. పండుగకు రెండు మూడు నెలల ముందే పని మొదలుపెట్టాలి. ఫోన్లో రికార్డు చేసిన టపాసుల శబ్దాన్ని, కుక్క కేవలం చెవి కదిపేంత సన్నగా వినిపించాలి. వెంటనే ఉడికించిన కోడిముక్క పెట్టాలి. ముందు శబ్దం, తర్వాతే ముక్క. ఈ వరస తప్పకూడదు. పూటకు అయిదు నిమిషాలు చాలు. కొన్నాళ్లకు శబ్దం వినగానే కుక్క భయపడకుండా మీ చేతి వైపు చూస్తుంది. అప్పుడు శబ్దం కాస్త పెంచాలి. కుక్క ముక్క ముట్టుకోకపోతే మీరు తొందరపడ్డారని అర్థం, మళ్లీ తగ్గించాలి. భయం మరీ తీవ్రమైతే పశువైద్యుల మందు కూడా కావాలి.

లాభం తెచ్చిన పని మళ్లీ చేయాలనిపిస్తుందన్నది మనస్తత్వ శాస్త్రవేత్తలు థార్న్‌డైక్, స్కిన్నర్ చూపిన రెండో సూత్రం. మీద పడి గెంతే కుక్కను తోసినా అరిచినా దానికి కావలసిన పలకరింపు దొరికినట్టే. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే పలకరిస్తే గెంతడం దానంతటదే తగ్గుతుంది.

ఎక్కడ, ఎలా నేర్చుకోవాలి?

అమెరికాలోనైనా మన దేశంలోనైనా డాగ్ ట్రైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అందుకే చదువు బాధ్యత మీదే. అమెరికాలో 2001లో మొదలైన, కుక్కల శిక్షకులకు ధ్రువపత్రాలిచ్చే సీసీపీడీటీ సంస్థ తన తొలి స్థాయి పరీక్ష రాయడానికే 300 గంటల శిక్షణానుభవం అడుగుతుంది. పుస్తకజ్ఞానానికి చేతి అనుభవం ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

మనస్తత్వశాస్త్రంలోనో జంతుశాస్త్రంలోనో డిగ్రీ మంచి పునాది. జబ్బునూ ప్రవర్తననూ కలిపి చూడాలంటే అయిదున్నరేళ్ల బీవీఎస్సీ ఉంది. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఆ చదువు చెబుతున్నాయి. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం కుక్కల శిక్షణ కేంద్రం నడుపుతోంది. కోల్‌కతాలోని ఐసర్ విజ్ఞానశాస్త్ర సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీదే ఏళ్లుగా పరిశోధిస్తోంది. ఏ శిక్షణా లేని వీధికుక్కలు సైతం మనిషి వేలితో చూపిన గిన్నెను పట్టుకోగలవని 2020లో వాళ్లు చూపారు. దగ్గరికి వచ్చిన కుక్కల్లో దాదాపు 80 శాతం సరిగ్గా ఆ గిన్నె దగ్గరికే వెళ్లాయి. భయపడినవి మాత్రం అసలు దగ్గరికే రాలేదు.

ఏ దారిలో వెళ్లినా రెండు సంగతులు మరవొద్దు. శిక్షకులు కుక్కతో గడిపేది గంట, మిగతా ఇరవైమూడు గంటలు ఇంటివాళ్లవి. కాబట్టి ఈ పనిలో సగం మనుషులకు ఓపికగా చెప్పడమే. రెండోది, పని మొదలుపెట్టకముందే రేబిస్ టీకా వేయించుకోవాలి. కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి.

ఫీజు లేని తొలి పాఠం మీ వీధిలోనే ఉంది. రేపు పొద్దున ఒక నోటుపుస్తకం పట్టుకుని, టీకొట్టు దగ్గర పడుకునే కుక్కను దూరం నుంచి పది నిమిషాలు చూడండి. చేయి చాపకండి. ‘భయపడింది’ అని రాయకండి. ‘స్కూటర్ ఆగింది. చెవులు వెనక్కి వాలాయి. తోక కాళ్ల మధ్యకు వెళ్లింది. రెండడుగులు వెనక్కి వేసింది’ అని రాయండి. కనిపించింది మాత్రమే రాయడం అలవాటైన రోజున, కుక్కతో పనిచేయడానికి మీరు సిద్ధమైనట్టు.