ప్రకటనకు పెట్టిన పైకము పెండ్లిపందిటిలో తిరిగివచ్చునా?

పెండ్లి ముగిసిన మఱునాడు పందిరి విప్పుదురు. బంధువులు తమ తమ యూళ్లకు వెడలిపోవుదురు. సారె పంచుటయు వారము దినములలో పూర్తియగును. పిమ్మట ఆ శుభకార్యమునకు గుర్తుగా ఇంట నిలుచునది ఫొటోల ఆల్బము. అందుచేతనే నేడు పురోహితుని, వంటవారిని, మేళమును కుదుర్చుకొనునంత శ్రద్ధతో ఫొటోగ్రాఫరును గూడ కుదుర్చుకొనుచున్నారు. విజయవాడ మొదలుకొని గుడివాడ, మచిలీపట్నము, తెనాలి, అవనిగడ్డ వఱకు కృష్ణాడెల్టా యందు ఈ వృత్తినే నమ్ముకొని జీవించు కుటుంబములు అనేకము కలవు.

ఈ కుటుంబములలో ఒక ప్రశ్న తఱచుగా చర్చకు వచ్చుచున్నది. అంతర్జాలములోని డైరెక్టరీలకు ఏటేట చందా చెల్లించి, మన పేరు పైవరుసలో వేయించుకొనుట లాభమా, నష్టమా? ఇది మగవారి వ్యాపారవిషయ మని సోదరీమణులు ఊరకుండరాదు. ఆ చందా పైకము ఎక్కడినుండియో వచ్చునది కాదు. చీటీ పాడిన సొమ్మో, పిల్లల ఫీజుకై దాచిన సొమ్మో అందులకు పోవును. గృహమునకు ఆయవ్యయములు చూచునట్టి ఇల్లాలు దీని లెక్కను గూడ చూడవలసియున్నది.

మొదట ఈ డైరెక్టరీ లెట్టివో తెలిసికొందము. జస్ట్ డయల్ అను సంస్థ 1996 లో బొంబాయిలో ప్రారంభమైనది. ఆ దినములలో ఫోను చేసి అడిగినవారికి వ్యాపారస్థుల నంబర్లు చెప్పుచుండిరి. తరువాత అది అంతర్జాలమునకు విస్తరించెను. 2021 లో రిలయన్స్ రిటైల్ వెంచర్స్ దానిలో పెద్దవాటాను కొనెను. సులేఖ మఱొకటి. పెండ్లిపనులకే ప్రత్యేకింపబడిన వెడ్‌మీగుడ్ 2014 లో వెలసినది. ఇట్టి చోట్ల పేరు చేర్చుకొనుట వేఱు, పైకము చెల్లించి ఆ పేరును పైకి తెప్పించుకొనుట వేఱు. చాలమంది ఈ రెంటిని ఒకటిగా భావించి మోసపోవుచున్నారు. జస్ట్ డయల్ పట్టికలో 2024 మార్చి నాటికి నాలుగుకోట్లకు మించిన వ్యాపారములు చేరియుండగా, పైకము చెల్లించి నడపు ప్రచారములు ఆఱులక్షలకు లోపుగానే యుండెను. అనగా నూటికి రెండైనను లేవు. తక్కినవారందఱు పైకము చెల్లింపకయే ఆ పట్టికలో నున్నారన్నమాట.

ఇక పైకము చెల్లించినవారికి లభించునదేమి? పెండ్లి కాదు, ఒక విచారణ మాత్రమే. వృత్తిలోనివారు దీనిని లీడు అందురు. వధువు తండ్రి యొకడు తన నంబరును, పెండ్లి తేదీని ఫోనులో నమోదు చేయును. ఆ వివరములు సాధారణముగా ఒక్కరికే చేరవు, పలువురు ఫొటోగ్రాఫర్లకు చేరును. అతడు ఫోను క్రింద పెట్టక మునుపే వరుసగా పిలుపులు వచ్చును. పలువు రొక్కసారి పలుకరించినపుడు ఆయన ఎవరి పనితనమును పరిశీలింపగలడు? "మీ రేటెంత?" అని అడుగును. తక్కువ చెప్పినవానివైపు మొగ్గును. ఈ పోటీలో పనితన మెఱిగినవాడు గూడ తన ధరను తానే తగ్గించుకొనవలసివచ్చును.

మనదేశపు వివాహములలో ముహూర్తమను మఱొక చిక్కు కలదు. దుకాణములో చీరలు ఈనెల అమ్ముడుపోకున్న వచ్చేనెల అమ్ముడుపోవును. ఫొటోగ్రాఫరు అమ్ముకొనునది తేదీలను. ఆషాఢ, భాద్రపద, పుష్యమాసములలో సామాన్యముగా మనవారు పెండ్లి చేయరు. గురుశుక్ర మూఢములు వచ్చినచో మఱికొన్ని వారములు ఖాళీగా గడచును. సంక్రాంతికి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట మాఘ, ఫాల్గుణములందును, వేసవిలో వైశాఖ, జ్యేష్ఠములందును పెండ్లిండ్లు ముమ్మరముగా జరుగును. బలమైన ముహూర్తము నాడు ఊరిలోని ఫొటోగ్రాఫర్లందఱికిని పని దొరకును. ఆ దినమున ఒకడు ఒక పందిటిలోనే యుండగలడు గాని రెండు పందిళ్లలో నుండజాలడు. మూఢములో నెంత గొప్ప ప్రకటన వేసినను ఒక్క పెండ్లియైనను పుట్టదు. కావున మంచి ముహూర్తమునకు ప్రకటన అక్కఱలేదు, మూఢమునకు ప్రకటన పనికిరాదు. ఈ రెంటి నడుమ నుండు సాధారణ ముహూర్తములకే అది కొంత తోడ్పడును. చందా మాత్రము పండ్రెండు మాసములకును చెల్లింపవలెను.

ఒక లెక్క వేసి చూతము. ఇవి ఉదాహరణకు తీసికొన్న అంకెలు మాత్రమే. చదువరులు తమ యింటి అంకెలను వీని స్థానమున నుంచుకొనవచ్చును. ఏడాది చందా రూ. 30,000 అనుకొందము. దానిపై నూటికి 18 వంతున జి.యస్.టి. రూ. 5,400. వెరసి రూ. 35,400. సాలునకు వచ్చు సేవల రాబడి 20 లక్షలకు లోబడి, జి.యస్.టి. నమోదు లేని చిన్న స్టూడియోవారికి ఆ పన్ను తిరిగి జమకు రాదు. ఒక పెండ్లికి రూ. 80,000 పుచ్చుకొందురనుకొందము. రెండవ కెమెరామన్, వీడియో, డ్రోను అద్దె, ఆల్బము ముద్రణ, ప్రయాణములకు రూ. 55,000 పోగా రూ. 25,000 మిగులును. సంవత్సరములో 60 విచారణలు వచ్చి, అందు 40 ధర వినుటతోనే ఆగి, 20 మంది ఆల్బములు చూచి, కడకు ముగ్గురు అడ్వాన్సు ఇచ్చిరనుకొన్నచో, పెండ్లి యొక్కంటికి ప్రకటన ఖర్చు రూ. 11,800 పడినది. మిగులు రూ. 13,200. ఇద్దఱే యిచ్చినచో పెండ్లికి రూ. 7,300 మాత్రమే మిగులును. ఒక్కరే యిచ్చినచో రూ. 10,400 చేతి సొమ్ము నష్టము. పైగా ఆ మూడు పెండ్లిండ్లలో ఒకటి బలమైన ముహూర్తము నాటిదైనచో, అది ప్రకటన లేకున్నను వచ్చెడిదే. దానిని ప్రకటన ఖాతాలో వ్రాయరాదు.

అట్లయిన ఈ చందా అందఱికి వ్యర్థమేనా? కాదు. మన ప్రాంతములో ఫొటోగ్రాఫరు పేరు సాధారణముగా ఎట్లు ప్రాకును? పెద్దమ్మ కూతురి పెండ్లి ఆల్బము తిరగవేసి, "వీరెవరమ్మా, తలంబ్రాల ఫొటోలు చక్కగా తీసినారు" అని పిన్నమ్మ అడుగుటవలన ప్రాకును. అనగా ఆ మాట చెప్పునది స్త్రీలే. పదిపదునైదేండ్లుగా పనిచేయుచు, ఇట్టి యిండ్ల మాటపై నడచు స్టూడియోకు పై వరుస చందా దండుగ. అయితే ఆ మాట చేరని చోట్లు కొన్ని కలవు. రాష్ట్రవిభజన జరిగిన 2014 తరువాత ఉద్యోగరీత్యా విజయవాడకు వచ్చి స్థిరపడినవారికి ఇచట పిన్నమ్మలు, పెద్దమ్మలు లేరు. అమెరికా నుండి మూడు వారముల సెలవుపై వచ్చి పెండ్లి చేసికొను యువకులు అక్కడనుండియే అన్నియు వెదకుకొందురు. ఇట్టివారు డైరెక్టరీని చూతురు. కొత్తగా కెమెరా పట్టి, ఇంకను పది ఆల్బములైనను లేని యువకునికిని, ఈ వృత్తిలో నిప్పుడిప్పుడే అడుగిడుచున్న యువతికిని ఒక్క పెండ్లికాలమునకు ఈ ప్రకటన మెట్టుగా నుపయోగింపవచ్చును. మెట్టు ఎక్కుటకే గాని దానిమీదనే కూర్చుండుటకు కాదు.

పైకము పెట్టక చేయదగిన ప్రకటన మఱొకటి కలదు. ఈ కృష్ణాజిల్లా ఎలకుఱ్ఱులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893 లో బొంబాయిలో అమృతాంజనమును తయారుచేసి, దానిని మొదట సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టిరి. తల నొప్పి తగ్గినవాడు మఱునాడు తానే కొనుటకు వచ్చెను. వస్తువే తన మాట చెప్పుకొనెను. ఫొటోగ్రాఫరుకును ఇదే మార్గము. గూగుల్ బిజినెస్ ప్రొఫైలు నందు పేరు, చిరునామా, ఫొటోలు చేర్చుకొనుటకు రుసుము లేదు. ఇన్‌స్టాగ్రామునందు, పెండ్లివారి అనుమతి పొంది, తాను తీసిన చిత్రములను ఉంచుటకు ఖర్చు లేదు. ఆల్బము చెప్పిన తేదీకి అందజేసి, ఇంటివారు సంతోషించుచున్న ఆ వేళనే "రెండు మాటలు వ్రాయుడమ్మా" అని కోరినచో ఎందఱో వ్రాయుదురు. ఈ పని ఇంటిలోని ఇల్లాలు ఒక ఫోనుతో చేయగలదు. దీనిని చేయకయే చందా చెల్లించుట, ఇల్లు ఊడ్వకయే చుట్టములను పిలుచుట వంటిది.

పిమ్మట గూడ చందా కట్టవలెనని నిశ్చయించినచో కొన్ని జాగ్రత్తలు అవసరము. నోటిమాట నమ్మక, ఎన్ని విచారణలు ఇచ్చెదరో, ఒక్కొక్కటి ఎందఱికి పంచెదరో వ్రాతమూలకముగా అడుగవలెను. బ్యాంకు ఖాతానుండి నెలనెల సొమ్ము తానంతట పోవు ఏర్పాటు కలదేమో, దానిని నిలుపు విధానమేమో సంతకమునకు ముందే తెలిసికొనవలెను. పెండ్లిండ్లు మొదలగు కాలమున చందా ప్రారంభింపవలెను గాని ఆషాఢమున కాదు. ఒక నోటుపుస్తకము పెట్టి, పిలిచిన ప్రతివారిని "మా పేరు మీకెట్లు తెలిసినది?" అని అడిగి వ్రాసికొనవలెను. ఏడాది చివర చందాను ఒక పెండ్లిపై మిగులు సొమ్ముచే భాగింపవలెను. పై ఉదాహరణలో 35,400 ను 25,000 చే భాగించిన ఒకటికి మించినది. కావున మఱొక విధముగా వచ్చియుండని పెండ్లిండ్లు రెండైనను రానిచో చందా మఱల కట్టరాదు.

పెండ్లి చేయు తల్లులకు గూడ ఒక మాట. డైరెక్టరీలో మొదటి పేరు ఉత్తమమైనదని యెంచకుడు. అది పైకము చెల్లించిన పేరు కావచ్చును. ప్రకటనను ప్రకటన యని తెలియకుండ కప్పిపుచ్చుటను, చందానుండి బయటపడనీయకుండ చిక్కించుటను భారతప్రభుత్వము 2023 నవంబరు 30 న వెలువరించిన నిబంధనలలో నిషేధించినది. వినియోగదారులు 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చును. అయినను నిబంధనలకంటె మీ కన్నులే మీకు మేలైన కాపలా. ఏరి కూర్చిన పది ఫొటోలను గాక, ఒక పెండ్లి ఆల్బమును మొదటినుండి చివరివఱకు చూపుమనుడు. రాత్రి ముహూర్తపు వెలుతురులో ముఖములు ఎట్లు వచ్చినవో, ముసలివారిని గూడ శ్రద్ధగా తీసినాడో లేదో గమనింపుడు. పందిటికి స్వయముగా ఎవరు వచ్చెదరో, ఆల్బము ఏ తేదీకి ఇచ్చెదరో వ్రాయించుకొనుడు.

డైరెక్టరీ పైవరుస కొనగలిగినది ఒక్క చూపు మాత్రమే. నమ్మకమును అది కొనజాలదు. ఆ నమ్మకము ఒక యింటి ఆల్బమునుండి మఱొక యింటికి స్త్రీల మాటగా ప్రయాణించుచున్నది. కొత్తవానికి ఒక్క పెండ్లికాలము, లెక్క వ్రాసికొనుచు, ఈ చందా తగును. పేరు పడినవానికి అదే సొమ్ము మంచి కాగితముపై ఆల్బము ముద్రించుటకో, పాడైన లెన్సు మార్చుటకో వినియోగించుట మేలు. అట్లు గాక ఏటేట అలవాటుగా కట్టుచుపోవుట ఇంటి సొమ్మును కాలువలో విడుచుటయే. ఆ నోటుపుస్తకమును నేడే తెఱచి, మొదటి వరుస వ్రాయుట సోదరీమణుల చేతిలోని పని.