అప్‌డేట్ అంటే మనకెందుకు బుగులు?

రఘునాథపల్లిల గానీ, జనగామ బస్టాండు దిక్కు గానీ ఏ ఆన్‌లైన్ సెంటర్‌కన్నా పోయి చూడుర్రి. కంప్యూటర్ మూలకు ఒక చిన్న గుర్తు కనవడతది. 'అప్‌డేట్ చెయ్యి' అని అడుగుతనే ఉంటది. సెంటర్ నడిపే తమ్ముడు చూసీ చూడనట్టు ఉంటడు. జర హుషారైనోడైతే సెట్టింగులలకు పోయి అప్‌డేట్‌నే మొత్తానికి బంద్ పెడతడు.

బయటోళ్లు దీన్ని చూసి 'పల్లెటూరోళ్లకు కంప్యూటర్ తెల్వది' అంటరు. నేనైతే ఒప్పుకోను. ఆ తమ్మునికి కంప్యూటర్ తెలుసు కాబట్టే భయపడుతున్నడు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ల ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజు. బయట పది మంది పిల్లలు లైన్ల నిలవడ్డరు. గప్పుడే తెర నీలం రంగుకు మారి 'కంప్యూటర్‌ను ఆపకండి' అని ముప్పావుగంట కూసుంటే, పోయేది ఆ తమ్ముని గిరాకీ ఒక్కటే కాదు, ఒక పిల్ల సీటు. నడుమ కరెంటు పోయిందనుకో, ఆ కంప్యూటర్ మళ్ల లేస్తదో లేవదో దేవునికెరుక.

మన డీటీపీ సెంటర్లది ఇంకో గోస. పెండ్లి పత్రికలు, కరపత్రాలు ఇప్పటికీ చాలా చోట్ల పేజ్‌మేకర్ల, అను ఫాంట్లతోటే కొడుతున్నరు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001ల. ఆ తర్వాత కొత్త వెర్షనే రాలె. అప్‌డేట్ కొట్టినంక ఆ పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే పదేండ్ల ఫైళ్లు అక్షరం ముక్క చదవరాని గీతలైతయి. గందుకే వాళ్లు పాత విండోస్‌నే పట్టుకొని ఉన్నరు.

మరి అప్‌డేట్ చెయ్యకపోతే ఏమైతది?

2017 మే 12న వానాక్రై అనే వైరస్ వచ్చింది. కంప్యూటర్ల ఫైళ్లన్నిటికీ తాళమేసి, 300 డాలర్లు కడితేనే తీస్త అన్నది. బ్రిటన్ల సర్కారు దవాఖానలు ఆగమైనయి. మన పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ల కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దానికి చిక్కినయి. అసలు సంగతి ఏందంటే, ఆ బొక్కను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. అంటే రెండు నెలల ముందు మందు తయారుగున్నది, మింగినోళ్లే తక్కువ. వైరస్ తాకినయి ఎక్కువగ విండోస్ 7 కంప్యూటర్లు. వాటికి మందు లేక కాదు, వేసుకోక పోయినయి.

ఇటు చూస్తే నుయ్యి. అటు చూస్తే గొయ్యి ఎట్లుంటదో 2024 జులై 19న తెలిసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. మన టైము ప్రకారం పొద్దుగాల 9 గంటల 39 నిమిషాలకు. దాంట్ల తప్పున్నదని తెలిసి 78 నిమిషాలల్ల వెనక్కి తీసుకున్నది. కానీ ఆ లోపల్నే ప్రపంచం మీద 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలవడ్డయి. హైదరాబాద్ విమానాశ్రయంల బోర్డింగ్ పాసులు పెన్నుతోటి రాసిచ్చిన్రు. పడిపోయిన ఒక్కో కంప్యూటర్ కాడికి మనిషి పోయి ఆ ఫైలు తీసెయ్యాల్సొచ్చింది. కాపాడెటోడే ముంచిండన్నట్టు.

ఈ రెండు కథలు కలిపి చూడుర్రి. మొదటి దాంట్ల జనం అప్‌డేట్‌ను నమ్మలె. రెండో దాంట్ల నమ్మి మునిగిన్రు. అంటే తిప్పలు అప్‌డేట్ల లేదు, దాన్ని మనకు అందించే పద్ధతిల ఉన్నది. ఆ పద్ధతిని తయారు చేసేది మనుషులే. కాబట్టి మార్చొచ్చు.

మంచి అప్‌డేట్ ఎట్లుండాలె?

ఒకటి, మందును, సోకును కలపొద్దు. బొక్క పూడ్చేది వేరు, కొత్త రంగులు, కొత్త బటన్లు వేరు. రెండూ ఒకే మూటల కట్టి పంపితే, సోకు వద్దనుకున్నోడు మందు కూడా వద్దంటడు.

రెండు, అడిగి చెయ్యాలె. అడిగేటప్పుడు నిజం చెప్పాలె. ఏం మారుతది, ఎన్ని ఎంబీలు పడతది, ఎంత సేపు పడతది, రీస్టార్ట్ చెయ్యాల్నా వద్దా. గీ నాలుగు ముక్కలు చాలు. 2016ల విండోస్ 10కు మార్పించే డబ్బాల ఇంటు గుర్తు నొక్కినా 'సరే' అన్నట్టే లెక్కేసిన్రు. జనం తిట్టిపోసినంక మార్చుకున్నరు. అడగకుండనే విండోస్ 10 ఎక్కించే ప్రయత్నం చేసి కంప్యూటర్ చెడగొట్టిందని కాలిఫోర్నియాల ఒక ట్రావెల్ ఏజెన్సీ ఆమె కోర్టుకు పోయి 10,000 డాలర్లు గెలిచింది. వద్దన్నది వద్దన్నట్టే ఉండాలె.

మూడు, పనేళ చూసుకోవాలె. ఏ టైముల రీస్టార్ట్ చెయ్యొద్దో మనమే చెప్పుకునే వీలు విండోస్‌ల 2016ల వచ్చింది. 2019ల ఇంటి కంప్యూటర్లోళ్లకు కూడా 35 రోజుల దాకా ఆపుకునే వీలిచ్చిన్రు. ఇవి ఎవలో దయతోటి ఇచ్చినయి కావు, ఏండ్ల పొంటి జనం మొత్తుకుంటే వచ్చినయి.

నాలుగు, డేటా మన పైసలు. మొత్తం సాఫ్ట్‌వేర్‌ను మళ్ల పంపే పని లేదు, మారిన ముక్క పంపితే చాలు. 2009ల గూగుల్ క్రోమ్ ఇంజనీర్లు ఒక లెక్క చూపెట్టిన్రు. మొత్తం అప్‌డేట్ కోటీ మూడు లక్షల బైట్లకు పైన ఉంటే, తేడాలు మాత్రమే ఏరి పంపితే 78,848 బైట్లకు దిగింది. నూరు వంతులల్ల ఒక వంతు కూడా కాదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద సెంటర్ నడిపెటోనికి ఈ తేడా విలువ తెలుసు.

ఐదు, వెనక్కి వచ్చే తొవ్వ ఉండాలె. మనకు ఇదే అన్నిటికన్న ముఖ్యం, ఎందుకంటే మన కాడ కరెంటు ఎప్పుడు పోతదో తెల్వది. క్రోమ్‌బుక్కులల్ల సిస్టం రెండు అరలల్ల ఉంటది. ఒక అరల మనం పని చేసుకుంటనే ఉంటం, రెండో అరల కొత్తది ఎక్కుతది. రీస్టార్ట్ చేసినప్పుడు కొత్త అరకు మారుతది. కొత్తది లేవకపోతే పాత అర ఎక్కడికీ పోలె, దాంట్లకే తిరిగొస్తది. నడుమ కరెంటు పోయినా నడిచే సిస్టం ఖరాబ్ కాదు. చెయ్యొచ్చని తేలినంక మిగిలినోళ్లు ఎందుకు చెయ్యరని అడగాలె.

ఆరు, కొందరికి ఇచ్చి చూసి, తర్వాతనే అందరికి ఇయ్యాలె. క్రౌడ్‌స్ట్రైక్ ఆ ఫైలును ఒక్కపారే అందరికీ తోలింది. దెబ్బ తిన్నంకనే విడతల పద్ధతి పెట్టింది. చూసినోళ్లు చెప్పిన మాట ఇనాలె కూడా. 2018 అక్టోబర్ల ఒక విండోస్ అప్‌డేట్ కొందరి ఫైళ్లను మాయం చేసింది, నాలుగు రోజులకే ఆపిన్రు. ముందుగాల పరీక్షించినోళ్లల్ల కొందరు ఈ సంగతి చెప్పనే చెప్పిన్రు. కానీ ఎక్కువ ఓట్లు రాని ఫిర్యాదులు అడుగునే ఉండిపోయినయి. తక్కువ మంది చెప్పిన్రని తప్పు చిన్నదైపోతదా?

ఏడు, మన భాషల చెప్పాలె. భయపెట్టే ఇంగ్లిష్ కోడ్ నంబర్ కాదు. 'నీ ఫైళ్లు పదిలంగ ఉన్నయి, కరెంటు వచ్చినంక మళ్ల మొదలైతది' అని తెలుగుల ఒక్క మాట రాస్తే సగం బుగులు పోతది.

ఇగ మనమేం చెయ్యాలె?

సెంటర్ నడిపే తమ్ముల్లూ, చెల్లెండ్లూ, అప్‌డేట్‌ను మొత్తానికి బంద్ పెట్టకుర్రి. కౌన్సెలింగ్, స్కాలర్‌షిప్ ఆఖరి తేదీలున్న వారం ఆపుకోండ్రి, తప్పు లేదు. ఆ వారం దాటంగనే షట్టర్ దించే ముందట పెట్టుకోండ్రి. దానికన్న ముందు అవసరమైన ఫైళ్లు వేరే హార్డ్‌డిస్క్ల దాచుకోండ్రి. వాట్సాప్ల వచ్చిన 'అప్‌డేట్' లింకులు మాత్రం ముట్టుకోవద్దు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోటి అయిపోయింది. పేరు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తయి. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్‌ను తుక్కుకు అమ్మక ముందు లినక్స్ ఒకసారి పెట్టి చూడుర్రి. అది ఉచితం, తెలుగుల కూడా నడుస్తది.

రెండో మాట సర్కారుకు. దరఖాస్తులకు, వేలిముద్రలకు సాఫ్ట్‌వేర్ చేపించేటప్పుడు టెండర్ల ఇవి కూడా రాయాలె. పనేళల అప్‌డేట్ పెట్టొద్దు. వెనక్కి వచ్చే తొవ్వ ఉండాలె. మాట తెలుగుల ఉండాలె. పింఛన్ కోసం ఎండల నిలవడ్డ అవ్వకు 'సర్వర్ అప్‌డేట్ అయితున్నది, రేపు రా' అని చెప్పుడు టెక్నాలజీ కాదు.

మూడో మాట మన ఊర్లకెల్లి ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్ల కోడ్ రాస్తున్న పిల్లలకు. అప్‌డేట్ బటన్ గీసేటప్పుడు మీ ఏసీ రూం కాదు, రఘునాథపల్లి సెంటర్ యాదికి తెచ్చుకోండ్రి. కరెంటు పోతది, నెట్ మెల్లగుంటది, బయట లైన్ ఉంటది. గీ మూడింటికి తట్టుకున్న అప్‌డేట్ దునియాల ఎక్కడైనా తట్టుకుంటది.