పిల్లల చదువు – పెద్దల బాధ్యత

పాల సంఘాల లెక్కలు తనిఖీ చేయడానికి కుసుమంచి మండలంలోని గ్రామాలకు వెళ్ళినప్పుడు, పుస్తకాల పని ముగిశాక సభ్యులు మమ్మల్ని అడిగేది సాధారణంగా వెన్న శాతం గురించి, లేదా బిల్లు గురించి. వేసవి వచ్చిందంటే ప్రశ్న మారుతుంది. "సారూ, మా బిడ్డ పదోతరగతి రాసింది. ఏం చదివించమంటారు?"

అడగవలసిన ప్రశ్నే. కాని దానిని ముందు అడగవలసింది ఆ బిడ్డను. అదీ పరీక్షలు అయిపోయాక కాదు, అంతకు రెండేళ్ళ ముందు.

ఈ మాట మేము అనుభవం మీద చెబుతున్నాము. మా అబ్బాయికి లెక్కలంటే ఇష్టం. డాక్టరు కావాలని మేము వాణ్ణి బై.పి.సి.లో చేర్చాము. తెలిసినవారి పిల్లవాడు అందులో చేరాడన్నది తప్ప మా దగ్గర వేరే కారణం లేదు. వాడు మా ముందు కాదనలేకపోయాడు. మొదటి సంవత్సరం రెండు పేపర్లు తప్పాడు. చివరకు ఎం.పి.సి.లో మళ్ళీ మొదటినుంచి చేరవలసి వచ్చింది. పరీక్షించకుండా పాలకు ధర కట్టరాదని ఊరూరా చెప్పే మేము, సొంత బిడ్డను ఒక్క మాట అడగకుండా గ్రూపు నిర్ణయించాము. ఆ పోయిన ఏడాది మా తప్పే.

గ్రూపును బట్టి దారి

ఇంటర్‌లో తీసుకొనే గ్రూపును బట్టి తరువాతి దారులు కొన్ని తెరుచుకొంటాయి, కొన్ని మూసుకుపోతాయి. మన పాడి రంగాన్నే చూడండి. పశువుల డాక్టరు కావాలంటే బై.పి.సి. చదవాలి, నీట్ పరీక్ష రాయాలి. పశువైద్య డిగ్రీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర ఏళ్ళు. రాష్ట్రంలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులలో ఈ కళాశాలలు ఉన్నాయి. పాల ఫ్యాక్టరీలో ఇంజనీరు కావాలంటే మాత్రం ఎం.పి.సి. కావాలి. కామారెడ్డి డెయిరీ టెక్నాలజీ కళాశాలలో నాలుగేళ్ళ బి.టెక్. ఉన్నది. రెండు కోర్సులూ పాడికి సంబంధించినవే అయినా, ఒక గ్రూపు చదివి రెండోదానికి పోలేరు.

అన్నేళ్ళ చదువు వద్దనుకొన్నవారికి పదోతరగతి తరువాతే పాలిటెక్నిక్‌లు, ఐ.టి.ఐ.లు ఉన్నాయి. పశుపోషణలో డిప్లొమా కూడా ఉన్నది. పాలిసెట్‌కు పదోతరగతి పరీక్షలు రాస్తున్నవారు సైతం దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫలితాలు వచ్చాక చూద్దామని కూర్చుంటే గడువు దాటిపోవచ్చు.

ఇంకా చిన్న పిల్లలున్నవారికి ఒక మనవి. మన మండలంలోని పాలేరులోనే జవహర్ నవోదయ విద్యాలయం ఉన్నది. ఆరో తరగతిలో చేరడానికి అయిదో తరగతి చదివేటప్పుడే పరీక్ష రాయాలి. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకే. వసతి, భోజనం ఉచితం. ప్రతి ఏటా నోటిఫికేషన్ సంగతి బడిలో అడిగి తెలుసుకోండి.

పని కళ్ళారా చూడాలి

ఒక ఉద్యోగం పేరు విన్నంత మాత్రాన ఆ పని తెలియదు. సెలవు రోజున బిడ్డను పశువుల ఆసుపత్రికి తీసుకొనిపోయి ఒక పూట ఉంచండి. పాల శీతలీకరణ కేంద్రం చూపించండి. పాలేరులో చేపల పరిశోధన కేంద్రం ఉన్నది, అక్కడ ఏమి చేస్తారో అడగండి.

వర్గీస్ కురియన్ పేరు మన సంఘాలవారికి తెలిసినదే. ఆయన పుట్టినరోజు నవంబరు 26ను జాతీయ పాల దినోత్సవంగా జరుపుకొంటున్నాము. మెకానికల్ ఇంజనీరింగు చదివిన ఆయన 1949లో ఆనంద్‌కు వచ్చింది ఇష్టపడి కాదు. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు షరతు మేరకు వచ్చారు. అక్కడి రైతుల పని దగ్గరగా చూసిన తరువాత ఉండిపోయారు. చూడనిదే ఇష్టమో అయిష్టమో తేలదు.

పాల సొమ్ములో చదువు వాటా

ఫీజు కట్టవలసిన రోజున బర్రెను అమ్మడం చాలా ఇళ్ళలో జరుగుతున్నది. ఆ ఏటి ఫీజు తీరుతుంది, మరుసటి ఏటికి ఆధారం పోతుంది. దీనికి బదులు ప్రతి బిల్లులో రోజుకు ఒక లీటరు ధర విడిగా తీసి, బిడ్డ పేర పోస్టాఫీసులోగాని బ్యాంకులోగాని వేయండి. ఏడాదిలో 300 రోజులు పాలు పోసినా 300 లీటర్ల సొమ్ము అవుతుంది. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు అయిదేళ్ళలో 1,500 లీటర్ల సొమ్ము. అప్పు చేయవలసి వచ్చినా ఆ మేరకు తగ్గుతుంది.

ఆడపిల్లల సంగతి

పేడ తీసేది, మేత వేసేది, పాలు పితికేది చాలా ఇళ్ళలో తల్లీ కూతుళ్ళే. అయినా పదోతరగతి కాగానే చదువు ఆగేది కూతురిదే. "బర్రెలను ఎవరు చూస్తరు?" అని ఒక సభ్యుడు మమ్మల్నే అడిగాడు. ఆ బర్రెల పాలతోనే ఆమె అన్న కాలేజీకి పోతున్నాడు. పద్దెనిమిదేళ్ళు నిండకుండా ఆడపిల్లకు పెళ్ళి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచి, పశువుల గుణం చిన్ననాటి నుంచి ఎరిగిన ఆ పిల్లకంటే పశువైద్యానికి తగినవారు ఎవరు?

సభ్యులు పాటించవలసినవి

1. ఎనిమిదో తరగతి నుంచే బిడ్డకు ఏ పాఠాలు ఇష్టమో అడగండి. ఉపాధ్యాయులను కూడా కనుక్కోండి.
2. కాలేజీలో డబ్బు కట్టకముందు ఆ కోర్సు తరువాత ఏ దారులున్నాయో విచారించండి.
3. పక్కవారి పిల్లలతో పోల్చవద్దు.
4. ఒకసారి తప్పినవారిని తిట్టక, రెండో దారి వెతకండి.
5. సంఘ సమావేశంలో ఏడాదికి ఒకసారి హైస్కూలు ఉపాధ్యాయులను పిలిచి ఈ విషయాలు చెప్పించండి.

వచ్చే తనిఖీకి మేము వచ్చినప్పుడు పాసుపుస్తకంతోపాటు, ఈ సంగతులపై మీ ఇంట్లో ఏమనుకొన్నారో కూడా చెప్పగలరని ఆశిస్తున్నాము.