ప్రకటనల లెక్కలు

గ్రామమున చాటింపు వేయువాడు డప్పు కొట్టి పోవును, విన్నవారెందరో అతడెరుగడు. నేడు ఫోనులో వచ్చు ప్రకటనలకు మాత్రము పైసలతో సహా లెక్క కలదు. ఫేస్‌బుక్ 2007లో తన ప్రకటనల ఏర్పాటును ఆరంభించినది మొదలు, ఈ లెక్కలోని పదములు చిన్న వర్తకుల నోట కూడ వినవచ్చుచున్నవి. మన విద్యార్థులును, వారి తల్లిదండ్రులును వాని అర్థము నెరుగుట అవసరమని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

గడ్‌చాందూరులో ఒక బట్టల వర్తకుడు బడి దుస్తుల ప్రకటనకు 500 రూపాయలు చెల్లించెననుకొందము. ఆ ప్రకటన ఫోను తెరలపై 10,000 మారులు కనబడినది. వీనిని ‘ఇంప్రెషన్లు’ అందురు. ఇది మనుష్యుల సంఖ్య కాదు; ఒక్కనికే నాలుగు మారులు కనబడినచో నాలుగుగా లెక్కింతురు. మనుష్యుల సంఖ్యకు ‘రీచ్’ అని పేరు. అది 2,500 అయినచో ఒక్కొక్కరికి సగటున నాలుగు మారులు కనబడినట్లు. ఈ సగటు ‘ఫ్రీక్వెన్సీ’. ధరను వేయింటికి కట్టుట ఆచారము. ‘సి.పి.ఎం.’ అను దానిలోని చివరి అక్షరము, లాటిను భాషలో వేయి అను అర్థము గల ‘మిల్లె’కు గుర్తు. ఇక్కడ వేయింటికి 50 రూపాయలు పడినవి. ప్రకటనపై 100 నొక్కులు పడినవి. అనగా నూటికి 1. ఇది ‘సి.టి.ఆర్.’ నొక్కు ఒక్కింటికి 5 రూపాయలు; ఇది ‘సి.పి.సి.’

ఇంతవరకు వట్టి భాగహారములే. చిక్కు ఇకమీదట. ఆ నొక్కులలో ఐదు మాత్రమే కొనుగోళ్లైనవి. వీనిని ‘కన్వర్షన్లు’ అందురు. జత 400 చొప్పున అమ్మకము 2,000 రూపాయలు. పెట్టిన రూపాయికి నాలుగు రూపాయల అమ్మకము! ‘ఆర్.ఓ.ఏ.ఎస్.’ అను కొలత 4 అని తెర చూపును. వర్తకుడు సంతసించును. కాని జతకు లాభము 60 రూపాయలే అయినచో, అతనికి మిగిలినది 300, పెట్టినది 500. రెండువందలు నష్టము. ఈ లెక్కను గణితపు తరగతిలో ఇచ్చిన బాగుండునని మాకు తోచుచున్నది.

హారమును మార్చినచో సగటు మారును. 2016లో ఫేస్‌బుక్ సంస్థయే ఇట్టి పొరపాటు నొప్పుకొనినది. వీడియోలను సగటున ఎంతసేపు చూచిరో చెప్పునపుడు, 3 సెకనులైన చూడనివారిని హారమునుండి విడిచిపెట్టెను. సగటు పెద్దదై కనబడెను.

మన తెలుగిండ్లకు సంబంధించిన సంగతియు నొకటి కలదు. కోర్పనా ప్రాంతమును కలుపుకొనిన పాత రాజురా తాలూకా 1956 వరకు అదిలాబాదు జిల్లాలోనిదే. ఇప్పటికిని ఆవర్‌పూరు చుట్టు 80 కిలోమీటర్ల వలయము గీచినచో చంద్రపురము, అదిలాబాదు రెండును అందులో పడును. ప్రకటనకర్త ఆ వలయమును గీచి, ‘తెలుగు’ అని భాషను ఎంచవచ్చును. అప్పుడు తెర చూపు సంఖ్య జనాభా లెక్క కాదు. ముఖ్యముగా ఫోనులలో ఎంచుకొనిన భాషల లెక్క. ఇంట తెలుగు మాటలాడుచు, ఫోనును మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంచుకొనువారు మనలో అనేకులు. వారు ఆ లెక్కకు అందకపోవచ్చును. ‘ఇక్కడ తెలుగువారు కొద్దిమందే’ అని ప్రకటనకర్త తలచి మరాఠీ ప్రకటనతో సరిపెట్టుకొనును. అతని తప్పేమియు లేదు. అతనికి కనబడిన సంఖ్య అది.

అందుచేత మన పాఠశాల ప్రవేశములను గూర్చి ఎవరైన ప్రకటన ఇయ్యదలచినచో, భాషను ఎంచక, ఊరిని మాత్రమే ఎంచి, ప్రకటనను చక్కని తెలుగున వ్రాయుట మేలని మా అభిప్రాయము. తెలుగు రానివారికి కనబడిన మారులు కొన్ని వృథా యగును. వేయింటికి 50 రూపాయల లెక్కన ఆ నష్టము స్వల్పము. చదువ నేర్చినవారు ఆగి చదువుదురు. ఫోనులో భాషను తెలుగునకు మార్చుకొనుటకు రెండు నిమిషములు చాలును. తల్లిదండ్రుల ఫోనులలో ఆ పనిని విద్యార్థులే చేసి పెట్టవచ్చును.