అమ్మ బాకీల పుస్తకం

మా నాన్న కర్మకాండ ముగిసిన మర్నాడు, ఇంట్లో చుట్టాలు ఇంకా సగం మంది ఉండగానే, మా అమ్మ ఒక పని చేసింది. నాన్నకు అప్పిచ్చిన వాళ్లందరికీ కబురు పెట్టింది. సాయంత్రం అందర్నీ మా ఇంటి తిన్నె మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మా పెద్దక్క చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టి, "ఒక్కొక్కరే చెప్పండన్నా, పాప రాసుకుంటాది" అంది.

అది 1997. మాది సత్యవేడు. మేం ఆరుగురం పిలకాయలం. పెద్దక్కకు పదహారు, కడగొట్టుదానికి మూడేళ్లు. నేను నాలుగోదాన్ని, నాకు పదేళ్లు. తలుపు చాటున నిలబడి ఆ లెక్కంతా విన్నాను. నోటు మీద తెచ్చింది 40,000, నగలు కుదవ పెట్టి బ్యాంకులో తెచ్చింది 15,000, సొసైటీ పంటరుణం 12,000, ఎరువుల అంగడిలో 9,000, చేబదుళ్లూ సామాన్ల అంగడి బాకీ కలిపి 6,000, పాడేసిన చీటీకి ఇంకా కట్టాల్సింది 5,000. మొత్తం 87,000 రూపాయలు. నాన్న తాగుబోతు కాదు, పేకాట తెలీదు. రెండెకరాల వేరుశనక్కాయ చేలో రెండు బోర్లు వేయించాడు. రెండింట్లోనూ దుమ్మే వచ్చింది. రాయలసీమలో పుట్టినవాళ్లకు ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

అందరూ వెళ్లిపోయాక దూరపు చుట్టం ఒకాయన అమ్మను పక్కకు పిలిచాడు. "నీ చేత్తో సంతకం పెట్టినావా? లేదు గదా. పోయినోడితో బాకీ కూడా పోయిందనుకో, ఎవరేం చేస్తారు" అన్నాడు. అమ్మ, "రేపు పొద్దున లేస్తే ఈ మొహాలే గదా సామీ చూడాల్సింది" అంది. అంతే, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అమ్మ చేసింది ఆమెకు సరిపోయింది. కానీ ఇక్కడ నేనొకటి చెప్పాలి. ఎందుకంటే నాలాగా డిగ్రీ చదివిన ఆడవాళ్లకే ఈ సంగతి సరిగ్గా తెలీదు. భర్త ఒక్కడే సంతకం పెట్టి చేసిన అప్పుకు భార్య తన సొంత సొమ్ములోంచి కట్టాలని చట్టంలో లేదు. ఆయన వదిలివెళ్లిన ఆస్తి ఎంత చేతికొచ్చిందో అంతవరకే వారసుల బాధ్యత. కొడుకు తండ్రి అప్పు తీర్చి తీరాలన్న పాత ధర్మాన్ని కూడా, 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, ఆ తర్వాత చేసిన అప్పుల వరకు తీసేశారు. అయితే ఆ పదిరోజుల ఏడుపులో ఎవరో ఒకరు తెల్లకాగితమో కొత్త నోటో తెచ్చి, "ఊరికే లాంఛనానికమ్మా" అని సంతకం అడుగుతారు. పెట్టారా, అది ఇక మీ సొంత అప్పు. మా అమ్మ పెట్టింది. తెలిసే పెట్టిందో తెలీక పెట్టిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పదు.

నోటు తీర్చిన ఎకరా

ఆ 40,000 నోటుకు వడ్డీ నూటికి మూడు రూపాయలు. అంటే నెలకు 1,200. మూడు రూపాయలంటే చిన్నమాటలా వినబడుతుంది గానీ ఏడాదికి నూటికి ముప్పయ్యారు. ప్రామిసరీ నోటు సంగతి తెలిసిందే గదా. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. అందుకని గడువు లోపల కొంత డబ్బు తీసుకుని నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటారు. లేదంటే వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. ఈ రెండోదే ఇళ్లు ముంచేది.

అమ్మ ఆ వేసవిలోనే రెండెకరాల్లో ఒక ఎకరా అమ్మేసింది. 32,000 వచ్చింది. మొత్తం తీసుకెళ్లి నోటాయనకు ఇచ్చింది. ఆయన అసలు మిగిలిన 8,000కి అయిదు నెలల వడ్డీ బాకీ 6,000 కలిపి 14,000కి అమ్మ పేర కొత్త నోటు రాయించుకున్నాడు. అమ్మ బతిమాలితే వడ్డీ రెండు రూపాయలకు దించాడు. నా కథల్లో అప్పులవాళ్లకు ఎప్పుడూ మీసాలూ గద్దింపులూ పెట్టి రాశాను. నిజానికి ఈయన మెత్తగా మాట్లాడేవాడు. వచ్చినప్పుడల్లా మంచినీళ్లు అడిగి తాగి, చెల్లెలి చేతిలో బొరుగుల పొట్లం పెట్టి, ఆ తర్వాతే వడ్డీ అడిగేవాడు. అదే నాకు ఎక్కువ భయంగా ఉండేది.

2008లో మా మండలంలోనూ పక్కన వరదయ్యపాళెంలోనూ శ్రీసిటీ వచ్చింది. నేలల ధరలు ఒక్కసారి ఆకాశానికి లేచాయి. ఇక చూడండి, ఇంటికి వచ్చిన చుట్టమల్లా ఆ ఎకరా గురించే. "తొందరపడి తెగనమ్మేశావే, ఉంచుకోనుంటే ఈపాటికి నువ్వు మహారాణివి" అని. నాకు ఒళ్లు మండి ఒకరోజు కాగితం తీసుకుని కూర్చున్నాను. ఎకరా అమ్మకుండా, పైసా కట్టకుండా, ఆ 40,000 నోటునే మూడేళ్లకొకసారి తిరగరాస్తూ పోతే 2000 నాటికి 83,200. 2003కి లక్షా డెబ్బై మూడు వేలు. 2006కి దాదాపు మూడు లక్షల అరవై వేలు. శ్రీసిటీ రావడానికి అప్పటికింకా రెండేళ్లు. అన్నాళ్లు ఆ నోటాయన మజ్జిగ తాగుతూ కూర్చునేవాడా? రెండో ఎకరా కూడా పోయేది, బహుశా ఇల్లు కూడా.

మిగతా బాకీలు తీర్చడంలో అమ్మ పద్ధతి వేరు. బీకాం చదివిన నేనైతే వడ్డీ ఎక్కువున్నది ముందు తీర్చాలంటాను. లెక్క ప్రకారం అదే లాభం. అమ్మ మాత్రం అసలు వడ్డీయే లేని సామాన్ల అంగడి బాకీ, చేబదుళ్లు ముందు తీర్చింది. "నోటాయన మళ్లీ నాకు బియ్యమిస్తాడా? అంగడాయన ఇస్తాడు" అంది. ఆరుగురు పిల్లలకు రోజూ బియ్యం కావాల్సిన ఇంట్లో అదీ ఒక లెక్కే.

బస్టాండు దగ్గర పొద్దున్నే ఇడ్లీ వేసేది. రూపాయికొకటి. రెండు ఆవుల పాలు పోసేది. వితంతు పింఛను అప్పట్లో నెలకు 75 రూపాయలు. 2024 జులై నుంచి అది 4,000 అయింది. ఆ 75 కూడా పుస్తకంలో జమ రాసేవాళ్లం. రాసే పని మొదట పెద్దక్కది, తర్వాత నాది.

ఇవన్నీ సాఫీగా జరిగాయనుకోకండి. ఆరు నెలల తర్వాత ఊత్తుకోట నుంచి ఒకాయన వచ్చి, నాన్న చేతిరాతతో ఉన్న 3,500 చీటీ చూపించాడు. ఆ రోజు తిన్నె మీద కూర్చున్న వాళ్లలో ఆయన లేడు. నాన్న ఇంట్లో చెప్పని బాకీ అది. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. డబ్బు కోసం కాదు, తనకు చెప్పలేదని. ఇంకోసారి బ్యాంకు నుంచి ఇంగ్లీషులో కాగితం వచ్చింది. ఇంట్లో ఎవరికీ చదవడం రాలేదు, దేవుడి పటం వెనక పెట్టాం. మా స్కూలు అయ్యవారితో చదివించుకునేసరికి కుదవ నగల వేలం తేదీ దాటిపోయింది. అమ్మ గాజులూ గొలుసూ పోయాయి, ఆ బాకీ కూడా వాటితోనే పోయింది. అందుకే ఇప్పుడు మా వీధిలో ఎవరికే కాగితం వచ్చినా నా దగ్గరకు తెమ్మంటాను.

రోజుకో రూపాయి

పక్కనే నెల్లూరు జిల్లా. దూబగుంట రోశమ్మ మొదలైన ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఆ తర్వాత అక్కడి నుంచే రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు బయల్దేరాయి. అదే ఏడాది నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని ప్రయోగంగా మొదలుపెట్టింది. మా వీధికి ఆ గాలి 1998లో తగిలింది. అమ్మ డ్వాక్రా సంఘంలో చేరి నెలకు ముప్పై రూపాయలు కట్టింది. సంఘంలోంచి 3,000 తీసి ఎరువుల అంగడికి కట్టింది. అక్కడ వడ్డీ రెండు రూపాయలే అయినా, అది తిరిగి తమ సంఘంలోకే చేరుతుంది గదా! పావలా వడ్డీ వచ్చింది 2004లో. అప్పటికి మా బాకీలు తీరిపోయాయి, "మన అదృష్టం అంతే" అని అమ్మ నవ్వుతుంది.

2003 సంక్రాంతికి చివరి నోటు చింపి పొయ్యిలో వేశాం. దాని మీద అమ్మ బెల్లంపొంగలి వండింది.

ఈ కథ నేను ఇక్కడికి ఆపేస్తే బాగానే ఉంటుంది. కానీ మా పెద్దక్క ఈ పేజీ చదువుతుంది. పదో తరగతిలో ఫస్టుక్లాసు తెచ్చుకుని, ఆ వేసవి తర్వాత ఇంటర్‌లో చేరకుండా కుట్టుమిషను ముందు కూర్చుంది అక్క. నా బీకాం ఫీజు ఆమె కుట్టిన జాకెట్లదే. పోయిన పండక్కి అందరం చేరినప్పుడు అమ్మ బాకీల పుస్తకం బయటికి తీసి, మనవళ్లకు చూపిస్తూ గొప్పగా చెబుతోంది. అక్క ఉన్నట్టుండి, "అన్ని బాకీలూ రాసినావు. నా చదువు యాడ రాసినావమ్మా?" అంది. ఎవరం మాట్లాడలేదు. అమ్మ పుస్తకం మూసి లోపలికి పోయింది. మర్నాడు అక్క ఊరికెళ్లేటప్పుడు అమ్మ బస్టాండు దాకా వెళ్లింది. మామూలుగా వాకిలి దాకానే వెళుతుంది.

ఆ పుస్తకం ఇప్పుడు మళ్లీ పనికొచ్చింది. మా వెనక వీధిలో ఒకామె ఉంది. మొగుడు వదిలేసి పోయాడు. నలుగురు పిల్లలు. శ్రీసిటీలో ఒక కంపెనీ క్యాంటీనులో పని. వారం వారం కంతులు. ఒకచోట తెచ్చి ఇంకోచోట కట్టడం. ఇది కొత్త జబ్బు కాదు. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ అప్పుల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు వచ్చాక, ప్రభుత్వం ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది, 2011లో చట్టం చేసింది. ఆ తర్వాత 2022లో రిజర్వు బ్యాంకు దేశమంతటికీ నియమాలు పెట్టింది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పుల్లో, అన్ని అప్పుల నెలసరి కంతులూ కలిపి ఇంటి ఆదాయంలో సగం దాటకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. వసూలుకు పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్లు చేయకూడదు. ఇవన్నీ నేను ఆమెకు చెప్పాను. "అట్లనా అక్కా? మా ఇంటికి ఏడు గంటలకే వచ్చి కూసుంటారే" అంది.

అమ్మ ఈ నియమాలేవీ వినలేదు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "మొత్తం ఎన్ని అప్పులున్నాయి పాపా?" అంది. "నాలుగత్తా." "ఆదివారం కార్డులన్నీ తీసుకురా. ఒకటి కూడా దాచొద్దు. మొదటిరోజు అందరూ ఒకటి దాస్తారు."

ఆదివారం ఆమె వచ్చింది. కొంగులోంచి కార్డులు తీసి చాప మీద పరిచింది. ఐదున్నాయి. అమ్మ ఏమీ అనలేదు. కళ్లజోడు పెట్టుకుని, పుస్తకం వెనక మిగిలిన ఖాళీ పేజీలు తెరిచి, నన్ను పెన్సిలు తెమ్మంది.